జబ్బుపడిన పెంపుడు జంతువు, చాలీచాలని డబ్బు: సాయం ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

చేతిలో డబ్బు ఆడని ఇంట్లో కుక్కకో పిల్లికో జబ్బు చేసినప్పుడు, దానికి వైద్యం అక్కర్లేదని ఎవరూ అనుకోరు. రేపటికి తగ్గుతుందేమో చూద్దామనుకుంటారు. ఆ ఒక్క రోజు కాస్తా మూడు రోజులవుతుంది. వైద్యుడి ఫీజు మిగిలిందనుకున్న ఆ మూడు రోజుల్లోనే జబ్బు ముదిరి, మందులతో పోవలసింది ఆపరేషన్ దాకా వస్తుంది. పశువైద్యం ఖరీదైనదన్న మాట నిజమే గానీ, అందులో చాలా భాగం ఆలస్యానికి చెల్లించే మూల్యం. మూత్రనాళం మూసుకుపోయిన మగపిల్లిని మొదటి రోజే తీసుకువెళితే మత్తిచ్చి గొట్టం వేసి అడ్డు తొలగించడంతో గండం గడిచే అవకాశం ఎక్కువ. రెండో రోజు దాటాక రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఇక రోజుల తరబడి ఆసుపత్రిలో ఉంచవలసి వస్తుంది. పిల్లి అదే, అడ్డు అదే, బిల్లు మాత్రం అది కాదు.

ఈ వైద్యానికి ఇంత ఖర్చు ఎందుకవుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ తగ్గించవచ్చో కూడా తెలుస్తుంది. జంతువులకు వాడే ఎక్స్‌రే యంత్రం, మత్తుమందు, కుట్లు వేసే దారం, రక్తపరీక్షల సామగ్రి మనుషులకు వాడే వాటికంటే చవకగా దొరికేవేమీ కావు. రోగి తన బాధ చెప్పలేదు కాబట్టి, మనిషి విషయంలో రెండు ప్రశ్నలతో తేలిపోయేది ఇక్కడ పరీక్షలతో తేలవలసి ఉంటుంది. మనుషుల వైద్యంలో ప్రభుత్వమో, ఉద్యోగమిచ్చిన యాజమాన్యమో, బీమా సంస్థో కొంత భారం మోస్తుంది కనుక అసలు ఖర్చు ఎంతో చాలామంది కళ్లపడదు. పశువైద్యంలో ఆ తెర ఉండదు, మొత్తం బిల్లు పెంచుకునేవారి చేతికే వస్తుంది. అమెరికాలో టెనెసీ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో 2018లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అంతకు ముందు రెండేళ్లలో తమ జంతువుకు అవసరమైన వైద్యం ఏదో ఒక కారణంతో చేయించలేకపోయామని దాదాపు 28 శాతం కుటుంబాలు చెప్పాయి. అన్నిటికంటే పెద్ద కారణం డబ్బే. ఇది కొద్దిమంది నిరుపేదల సమస్య అనుకోవడానికి వీల్లేదని ఆ అంకె చెబుతోంది.

ప్రభుత్వాలు జంతువుల వైద్యానికి అసలే ఖర్చు పెట్టవని కాదు. మనుషుల ఆరోగ్యంతో ముడిపడిన చోట పెడతాయి. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే రేబిస్ వ్యాప్తి ఆగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కాబట్టి, అనేక దేశాల్లో ఆ టీకాను ఉచితంగానో నామమాత్రపు రుసుముతోనో వేసే శిబిరాలు నడుస్తుంటాయి. ముసలి కుక్క కీళ్లనొప్పికి అలాంటి శిబిరం ఉండదు, ఎందుకంటే ఆ నొప్పి ఇంకెవరికీ అంటుకోదు. ఈ తేడా తెలిస్తే ఉచితంగా ఏది దొరుకుతుందో ఊహించడం తేలిక: టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, నట్టల మందులు తరచుగా దొరుకుతాయి, దీర్ఘకాలిక జబ్బులకు చికిత్స అరుదుగా దొరుకుతుంది.

డబ్బు గురించి ఆలోచించడానికి ముందే తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ లక్షణం రేపటిదాకా ఆగేదా, కాదా? మగపిల్లి మూత్రం కోసం పదేపదే కూర్చుని చుక్క కూడా రాక అవస్థపడటం, పిల్లి నోరు తెరిచి ఊపిరి తీయడం, పెద్ద జాతి కుక్క పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఒట్టినే డోకడం, చిగుళ్లు తెల్లగా పాలిపోవడం, ఫిట్స్ ఐదు నిమిషాలకు మించి ఆగకపోవడం, ఉన్నట్టుండి కుప్పకూలడం ఆగే లక్షణాలు కావు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకు వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు అతిగా తాగుతూ, తిండి మానేసి, నీరసించిపోతే గర్భసంచిలో చీము పట్టిందేమోనని అనుమానించాలి, అదీ ఆగేది కాదు. పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి అయితే, కాలేయంలో కొవ్వు పేరుకునే ప్రమాదం ఉంటుంది. అప్పుడు అసలు జబ్బు చిన్నదైనా చికిత్స వారాలు పడుతుంది. మరోవైపు హుషారుగా తిరుగుతూ, తింటూ, ఒక్కసారి వాంతి చేసుకున్న కుక్కను అర్ధరాత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తించనక్కర్లేదు. అత్యవసర విభాగాల్లో ఫీజు మామూలు పగటి ఫీజు కంటే బాగా ఎక్కువ. ఏది ఏ కోవకు వస్తుందో తేలనప్పుడు క్లినిక్‌కు ఫోన్ చేసి అడగడం, వీలుంటే వీడియోలో చూపించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని.

ఆగగలిగిన ఆ వ్యవధిలో ఇంట్లో ఉన్న మనుషుల మందులు వేయడం అన్నిటికన్నా ప్రమాదం. పారాసిటమాల్‌ను విరిచే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను పాడుచేస్తుంది. కుక్కల ఒంటిమీద పేలకు, గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందును పొదుపు కోసం పిల్లికి పూస్తే వణుకు, ఫిట్స్ పట్టుకుంటాయి. కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపేయడం వల్ల జబ్బు తగ్గదు సరికదా, తర్వాత చేసే పరీక్షల్లో అసలు సూక్ష్మజీవి దొరకకుండా పోవచ్చు. ఫీజు తప్పించుకోవడానికి వేసిన మాత్ర విషానికి విరుగుడు ఖర్చును తెచ్చిపెట్టడం పశువైద్యులు తరచూ చూసేదే.

ఇక వైద్యుడి ముందు కూర్చున్నాక జరిగే మాటల గురించి. ఖర్చు విషయంలో అసలు కీలకం ఇక్కడే ఉంది, చాలామంది నోరు మెదపనిదీ ఇక్కడే. డబ్బు లేదని చెబితే చిన్నచూపు చూస్తారేమోనని, జంతువు మీద ప్రేమ లేదనుకుంటారేమోనని మొహమాటపడి, వైద్యుడు చెప్పినదానికల్లా తలూపి, బిల్లు చూశాక మళ్లీ రాకుండా పోతారు. యజమాని పరిస్థితి తెలియని వైద్యుడు శాస్త్రం తెలిసిన మేరకు అత్యుత్తమమైన చికిత్సనే సూచిస్తాడు. శిక్షణ అలాంటిది, పైగా ఏదైనా పరీక్ష వదిలేస్తే తర్వాత మాట పడవలసి వస్తుందన్న భయమూ ఉంటుంది. అందుకే పరీక్ష మొదలయ్యే ముందే "మేము ఇంతవరకు పెట్టగలం, ఈ డబ్బుతో ముందుగా ఏది చేస్తే ఎక్కువ ఉపయోగం?" అని అడగడం బేరమాడటం కిందికి రాదు. వైద్యుడు నిర్ణయం తీసుకోవడానికి జంతువు బరువు, వయసు ఎలా కావాలో ఈ సమాచారమూ అలాగే కావాలి.

ఒకే జబ్బుకు ఒకే చికిత్స ఉంటుందన్న భావన నుంచి పశువైద్యం కొంతకాలంగా బయటపడుతోంది. ఖరీదైన చికిత్సకూ అసలు చికిత్సే లేకపోవడానికీ మధ్య శాస్త్రబద్ధమైన మెట్లు చాలా ఉన్నాయని గుర్తించే ఈ ధోరణిని స్పెక్ట్రమ్ ఆఫ్ కేర్ అంటున్నారు. దీనికి పార్వోను మించిన ఉదాహరణ లేదు. 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా పాకిన ఈ వైరస్ టీకా పడని కుక్కపిల్లల్లో రక్తవిరేచనాలు, ఆగని వాంతులు కలిగిస్తుంది. ఆసుపత్రిలో చేర్చి రాత్రింబవళ్లు నరానికి సెలైన్ ఎక్కించడమే దీనికి ప్రామాణిక చికిత్స. అంత ఖర్చు పెట్టలేని ఇళ్లలోని కుక్కపిల్లలకు చాలా చోట్ల కారుణ్య మరణమే దిక్కయ్యేది. కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయ వైద్యులు 40 కుక్కలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ప్రామాణిక చికిత్స ఇచ్చారు. రెండో జట్టుకు మొదట కొద్దిసేపు నరానికి సెలైన్ ఎక్కించి నిలదొక్కుకునేలా చేసి, ఆ తర్వాత ఇంట్లో సైతం చేయగలిగిన పద్ధతిలో చర్మం కింద సెలైన్, ఎక్కువ రోజులు పనిచేసే ఒక యాంటీబయాటిక్ ఇంజెక్షన్, వాంతులు ఆపే ఇంజెక్షన్ ఇచ్చారు. 2017లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో మొదటి జట్టులో 90 శాతం, రెండో జట్టులో 80 శాతం బతికాయి. 90 కంటే 80 తక్కువే, కాదనలేం. కానీ డబ్బు లేని ఇంటి ముందున్నది 90కీ 80కీ మధ్య ఎంపిక కాదు, 80కీ సున్నాకు దగ్గరైన అంకెకూ మధ్య ఎంపిక.

మొదట చెప్పిన మగపిల్లి విషయంలోనూ ఇలాంటి ప్రయత్నమే జరిగింది. గొట్టం వేయించే స్తోమత లేనివారి 15 పిల్లులకు మత్తు, నొప్పి మందులిచ్చి, అవసరమైనప్పుడు సూదితో మూత్రాశయాన్ని ఖాళీ చేస్తూ, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచితే 11 పిల్లులు తమంతట తామే మూత్రం పోశాయని 2010లో అమెరికన్ పరిశోధకులు నివేదించారు. రక్తపరీక్షలో పరిస్థితి మరీ విషమించిన పిల్లులను అందులో చేర్చుకోలేదు. అంటే ఈ చవక దారి కూడా త్వరగా వచ్చినవారికే తెరిచి ఉంటుంది. మిగిలిన నాలుగింటికి అది పనిచేయలేదన్న సంగతీ చెప్పుకోవాలి. చవక చికిత్సలో ఎంత ప్రమాదం ఉందో తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

ప్రతి జబ్బుకూ ఇలా పరిశోధన జరిగి ఉండదు. అయినా మెట్టుమెట్టుగా వెళ్లే పద్ధతి చాలా వాటికి వర్తిస్తుంది. నిన్నటి నుంచి నాలుగైదుసార్లు వాంతి చేసుకున్న కుక్క ఉందనుకుందాం. నీళ్లు నిలుస్తున్నాయి, కళ్లలో జీవం ఉంది, పొట్ట నొక్కితే మెత్తగా ఉంది, నొప్పితో ముడుచుకోవడం లేదు. దీనికి రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ ఒకేసారి చేయడం ఒక దారి. చేతితో క్షుణ్ణంగా పరీక్షించి, వాంతి ఆపే ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కింద కొంత సెలైన్ పెట్టి, తేలికగా అరిగే తిండి చెప్పి, మర్నాడు మళ్లీ చూడటం రెండో దారి. మర్నాటికీ తగ్గకపోతే అప్పుడు ఎక్స్‌రే తీస్తారు. ఈ రెండో దారిలో, కుక్క మింగిన గుడ్డపీలికో బంతిముక్కో పేగులో ఇరుక్కుని ఉంటే అది ఒక రోజు ఆలస్యంగా బయటపడే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ దారిన వెళ్లేవారు క్లినిక్ వదిలే ముందు ఒక ప్రశ్న తప్పక అడగాలి: ఈ రాత్రి ఏది కనిపిస్తే పొద్దుటిదాకా ఆగకుండా రావాలి? పరీక్షల గురించి అడగదగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఈ పరీక్ష ఫలితం ఎలా వచ్చినా చికిత్స మారదా? మారదని వైద్యుడు చెబితే ఆ డబ్బు మందులకు మిగిల్చుకోవచ్చు.

ఇంట్లో చేయగలిగిన పని ఇంట్లో చేసుకోవడం కూడా ఖర్చు తగ్గించే దారే. మూత్రపిండాలు చెడిన ముసలి పిల్లికి వారానికి కొన్నిసార్లు చర్మం కింద సెలైన్ పెట్టవలసి వస్తే ప్రతిసారీ క్లినిక్‌కు వెళ్లనక్కర్లేదు, నేర్పమంటే చాలామంది వైద్యులు నేర్పుతారు. సెలైన్ సంచిని ఎత్తులో వేలాడదీసి, భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకి పట్టుకుని, దాని మొదట్లో సూది గుచ్చి, చెప్పిన మోతాదు దిగగానే ఆపడమే. వీపు మీద ఉబ్బిన నీటిబుడ్డ కాసేపటికి ముందుకాలి వైపు జారి, కొన్ని గంటల్లో ఇంకిపోతుంది. మొదటిసారి చూసినవారు హడలిపోతారు గానీ అది మామూలే. గాయానికి కట్టు మార్చడం, మధుమేహం ఉన్న జంతువుకు ఇన్సులిన్ ఇవ్వడం, నిద్రలో నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తోందో లెక్కపెట్టి రాసుకోవడం ఇలాంటివే. గుండెజబ్బు ఉన్న కుక్క నిద్రలో తీసే ఊపిరులు నిమిషానికి 30 దాటుతుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని చూడాలి. ఏ ఖర్చూ లేని ఈ లెక్క ఎన్నో అత్యవసర రాత్రులను తప్పిస్తుంది.

మందుల ఖర్చు విషయానికి వస్తే, కుక్కలకు, పిల్లులకు రాసే మందుల్లో చాలావరకు మనుషుల మందుల షాపులో జెనరిక్ రూపంలో దొరికేవే. ఫిట్స్‌కు ఫినోబార్బిటాల్, గుండెజబ్బుకు ఫ్యూరోసెమైడ్, వాపులకు, అలర్జీలకు ప్రెడ్నిసోలోన్ అలాంటివి. క్లినిక్‌లోనే కొనకుండా చీటీ రాయించుకుని బయట కొనడం చాలా చోట్ల చవక పడుతుంది, అడిగితే రాసివ్వడానికి వైద్యులు సాధారణంగా కాదనరు. అయితే మోతాదు, రూపం వైద్యుడు చెప్పినట్టే ఉండాలి. మాత్రకు బదులు ద్రవం కొన్నా ముప్పు రావచ్చు: నొప్పికి వాడే గాబాపెంటిన్ మందు మనుషుల కోసం ద్రవరూపంలో తయారైనప్పుడు అందులో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కలకు విషం.

ఏ చికిత్సకు ఎంతవుతుందో ముందే రాతపూర్వకంగా తీసుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది, కానీ తర్వాతి మెట్లన్నీ దాని మీదే ఆధారపడతాయి. బ్రిటన్‌లో 2013లో పశువైద్యశాలల్లో దాదాపు 10 శాతమే పెద్ద సంస్థల చేతుల్లో ఉండగా, 2024 నాటికి అది దాదాపు 60 శాతానికి చేరిందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ తేల్చింది. తాను పరిశీలించిన వైద్యశాలల్లో 80 శాతానికి పైగా ధరలను ఆన్‌లైన్‌లో ఎక్కడా పెట్టలేదని కూడా చెప్పింది. ధర తెలియకపోతే పోల్చి చూసుకునే వీలుండదు. అత్యవసరం కాని ఆపరేషన్‌కు రెండు మూడు చోట్ల అంచనా తీసుకుంటే తేడా బాగానే కనబడుతుంది. ఆ అంచనాలో కనీస మొత్తం, గరిష్ఠ మొత్తం, ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నవి విడివిడిగా ఉండేలా అడగాలి. విశ్వవిద్యాలయాల బోధనాసుపత్రులనూ విచారించవచ్చు. అక్కడ విద్యార్థులు పరీక్షిస్తారు, అధ్యాపకులు పర్యవేక్షిస్తారు, కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది. మామూలు సేవలు తక్కువకే దొరుకుతుండవచ్చు గానీ నిపుణుల విభాగాలు అన్నిచోట్లా చవకని అనుకోకూడదు.

పేదల జంతువులకు దాతృత్వ వైద్యం కొత్త ఆలోచన కాదు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1917 నవంబరులో మరియా డికిన్ అనే సంఘసేవకురాలు లండన్ తూర్పు భాగంలోని పేదవాడ వైట్‌చాపెల్‌లో ఒక నేలమాళిగలో ఉచిత చికిత్సాలయం తెరిచింది. పీడీఎస్‌ఏ (పీపుల్స్ డిస్పెన్సరీ ఫర్ సిక్ యానిమల్స్) పేరుతో ఆ సంస్థ నేటికీ నడుస్తోంది. ఇప్పుడు అనేక దేశాల్లో ఇలాంటి సంస్థలున్నాయి. కొన్ని సొంత ఆసుపత్రులు నడుపుతాయి, కొన్ని బయటి ఆసుపత్రికి డబ్బు చెల్లిస్తాయి, మరికొన్ని ఒక నిర్దిష్ట జబ్బుకో, ఒక జాతి కుక్కలకో మాత్రమే సాయపడతాయి. వీటిలో చాలావాటిలో కనిపించే నియమాలు కొన్ని ఉన్నాయి. ఆదాయ ధ్రువీకరణ అడుగుతాయి. వైద్యుడు నిర్ధారించిన జబ్బు పేరు, కోలుకునే అవకాశం, అంచనా బిల్లు అడుగుతాయి. డబ్బును యజమాని చేతికి ఇవ్వకుండా నేరుగా ఆసుపత్రికి పంపుతాయి, బిల్లు మొత్తం కాక కొంత భాగమే ఇస్తాయి. ఇప్పటికే అయిపోయిన చికిత్స బాకీని చాలా సంస్థలు తీర్చవు. కాబట్టి "డబ్బు సమకూరాక డాక్టరు దగ్గరికి వెళదాం" అన్న వరుస ఇక్కడ పనికిరాదు: మొదటి పరీక్ష ఎలాగోలా సొంతంగా చేయించుకుంటేనే, ఆ కాగితం పట్టుకుని సాయం అడగగలుగుతారు. దరఖాస్తు ఒకచోట పెట్టి జవాబు కోసం ఎదురుచూడకుండా ఒకేసారి పలుచోట్ల పెట్టాలి. ఏయే సంస్థలు స్పందిస్తాయో రోజూ చూసే క్లినిక్ సిబ్బందికి తెలిసినంతగా బయటివారికి తెలియదు, కొన్ని క్లినిక్‌లలో దాతలిచ్చిన చిన్న నిధి కూడా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసేవారు జంతువు ఫొటోతో పాటు అంచనా బిల్లు పెట్టి, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు వెళ్లే ఏర్పాటు చేస్తే నమ్మకం పెరుగుతుంది. దొంగ విజ్ఞప్తులు ఎక్కువైన కాలంలో దాతలు చూసేది అదే. వాయిదాల మీద కట్టే వీలుందా అని తమకు అలవాటైన క్లినిక్‌ను అడగవచ్చు; ఏళ్ల తరబడి టీకాలకు వచ్చేవారి మాటకు ఉండే విలువ అర్ధరాత్రి మొదటిసారి వచ్చినవారి మాటకు ఉండదు. పశువైద్యం కోసమే అప్పులిచ్చే ఆర్థిక సంస్థల విషయంలో జాగ్రత్త అవసరం. కొంతకాలం వడ్డీ లేదని చెప్పే పథకాల్లో, గడువులోగా పూర్తిగా తీర్చకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కగట్టేవి ఉంటాయి.

బీమా జబ్బు వచ్చాక పనికిరాదు. స్వీడన్‌లో 1924 నుంచే కుక్కలకు బీమా ఉన్నా, చాలా దేశాల్లో ఇది ఇంకా అలవాటు కాలేదు. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బును దాదాపు ఏ సంస్థా భరించదు, తీసుకున్నాక కూడా కొంత నిరీక్షణ కాలం ఉంటుంది. అనేక పాలసీల్లో ముందు జేబులోంచి కట్టి తర్వాత రాబట్టుకోవాలి కనుక, ఆ పూట చేతిలో డబ్బు లేనివారికి అది ఉండీ లేనట్టే. ప్రీమియం భారమనుకునేవారికి, నెలనెలా కొంత పక్కన పెట్టడంతో పాటు టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సమయానికి చేయించడమే అసలైన బీమా. పార్వో టీకా ఖర్చుకూ పార్వో చికిత్స ఖర్చుకూ పోలికే లేదు. ఆడకుక్కకు గర్భసంచి ముందే తీయించేస్తే, చీము పట్టాక అదే ఆపరేషన్‌ను అత్యవసరంగా, ఎన్నో రెట్ల ఖర్చుతో, ప్రాణాపాయంలో చేయించే స్థితి రాదు.

ఇన్ని చేసినా డబ్బు చాలని సందర్భాలు ఉంటాయి. చికిత్స చేస్తే బతికే జంతువుకు ఖర్చు భరించలేక కారుణ్య మరణం ఇప్పించవలసి రావడం యజమానినే కాదు, సూది పట్టుకున్న వైద్యుణ్ణి కూడా నలిపేస్తుంది. పశువైద్య వృత్తిలోని మానసిక ఒత్తిడికి ఇదొక ముఖ్య కారణం. అక్కడిదాకా వెళ్లే ముందు, జంతువు మీద హక్కు వదులుకుంటే దానికి చికిత్స చేయించి వేరొకరికి పెంపకానికి ఇచ్చే సంస్థ ఏదైనా ఉందేమో అడగవచ్చు. అది కఠినమైన ఎంపికే గానీ కొన్ని సంస్థలు ఇందుకు ముందుకు వస్తాయి. కోలుకునే ఆశ లేనప్పుడు కారుణ్య మరణం కూడా చికిత్సలో భాగమే. దాని ఖర్చు సైతం భారమైతే జంతు సంక్షేమ సంస్థలు కొన్ని తక్కువ రుసుముకే చేస్తాయి. ఇంటికి తీసుకుపోతే దానంతటదే ప్రశాంతంగా పోతుందన్న ఊహ చాలా జబ్బుల్లో నిజం కాదు: మూత్రం ఆగిపోయిన పిల్లి, ఊపిరాడని కుక్క నిద్రలో జారుకోవు, గంటల తరబడి యాతనపడతాయి. అయినా ఇంటి దగ్గరే ఉంచుకోవాలనుకునేవారు క్లినిక్ నుంచి ఉత్త చేతులతో వెళ్లకుండా నొప్పి మందు, వాంతి మందు, వాటి మోతాదులు, ఏ స్థితి వచ్చాక ఇక ఆగకుండా తీసుకురావాలో రాయించుకుని మరీ వెళ్లాలి.